బోల్టుకు మూడు ప్రదక్షిణలు

ఒకే ఒక్క బోల్టు బిగించి ఒక బొంబాయి సేటును, ఒక జీడిపప్పు షావుకారును, కన్నతండ్రిని కలిపి ఒకే గుడ్డ కింద కప్పేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోయినా నష్టం లేదు, ఆ మనిషిని నేనే. మా శ్రీకాకుళం ఉద్దానంలో ఇలాంటి పనులు తుపానుకు వదిలిపెడతాం. నేను మాత్రం తుపానుతో పని లేకుండా, పందొమ్మిది నంబరు స్పానరుతో చేశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదని ముందే చెప్పేస్తున్నాను, మీరు కంగారు పడకుండా చదువుకోవచ్చు. తగిలిన దెబ్బంతా నా పరువుకే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. నాకు ఇరవై మూడేళ్లు. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాగా చేరి ఐదు నెలలు దాటింది. మా నాన్న అదే ఊళ్లో వేణుగోపాలస్వామి గుడి అర్చకులు. తాతగారూ అదే, ముత్తాతగారూ అదే. నేను మాత్రం బీకాం చదివాను కాబట్టి గళ్ల చొక్కా టక్ చేసుకుని, టేబులు మీద ఫోను ఉన్న ఉద్యోగమే చేస్తానని పట్టుబట్టాను. నాన్న పెద్దగా వాదించలేదు.

"సరే, ఆరు నెలలు చెయ్యి. పర్మినెంటయితే నీ దారి నీది. కాకపోతే ఏడో నెల మొదటి రోజున తెల్లారగట్ల నాలుగింటికి నెత్తిన చన్నీళ్లు పోసుకుని గుళ్లోకి వచ్చి గంట పట్టుకో" అన్నారు.

నాకు దేవుడంటే భక్తి లేక కాదు. నాలుగింటికి లేవడమన్నా, చన్నీళ్లన్నా భయం. అందుచేత ఆ ఉద్యోగం పర్మినెంటు కావడమన్నది నాకు జీవన్మరణ సమస్యగా ఉండేది.

ఇక మిషను సంగతి. మా షావుకారు గారు టెక్కలిలో ఏదో బంగళా ముందు పచ్చిక చూసి ముచ్చటపడి, మన ఫ్యాక్టరీ ఆఫీసు ముందు కూడా అలాంటిది ఉండాల్సిందేనని కొబ్బరిచెట్ల మధ్య లాను వేయించారు. పప్పు కొట్టడానికి వచ్చే ఆడవాళ్లు దాన్ని చూసి, "ఇంత గడ్డి పెంచి ఒక్క ఆవునైనా కట్టరేటమ్మా" అని నొచ్చుకునేవారు. గడ్డి కొయ్యడానికి విశాఖపట్నం నుంచి కరెంటు మిషను వచ్చింది. నాలుగు చక్రాలు, పైన మోటారు, తోసుకుపోవడానికి ఒక పిడి, కడుపు కింద అడుగున్నర బ్లేడు. ఆ బ్లేడు నడిమధ్యలో కిందనుంచి పైకి ఒకే ఒక బోల్టు. ఆ బోల్టును మీరు గుర్తు పెట్టుకుంటే చాలు, ఇందులో కష్టమైనది ఇంకేమీ లేదు.

మిషను నడిపేది తోటమాలి ఎర్రయ్య. డొంకూరు మనిషి. ముప్పై ఏళ్లు సముద్రం మీద వేట చేసి, నడుం పట్టేశాక చెట్లకు నీళ్లు పోసే పనికి వచ్చాడు. పడవ ఇంజన్లు విప్పి, కడిగి, మళ్లీ బిగించిన చెయ్యి అతనిది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా ఏ విషయంలోనూ అతణ్ణి సలహా అడిగేవాణ్ణి కాదు, ఎందుకంటే నాకు ఇంగ్లీషు వచ్చు.

ఒక బుధవారం నాడు గడ్డిలో దాక్కున్న రాయి తగిలి బ్లేడు వంకరపోయింది. షావుకారు గారు వచ్చి చూసి తల పట్టుకున్నారు.

"ఆదివారం బొంబాయి సేటు పప్పు బేరానికి వస్తన్నాడు. లాన్లో టెంటేసి టీ ఇద్దామనుకుంటే ఇప్పుడేనా ఇది పోడం? ఏటి దారి?"

"ఇంకో బ్లేడు పెట్టిలో ఉన్నాది బాబూ. మార్సీడమే" అన్నాడు ఎర్రయ్య.

"మార్సడానికి మెకానిక్ ఉండాల గదేటి. వైజాగు ఫోన్ చేస్తే పది రోజుల్దాకా కుదరదంటన్నాడు."

అప్పుడు నా నాలుక దానంతటదే కదిలింది. "మెకానిక్ ఎందుకండీ? మిషనుతో పాటు పుస్తకం ఇచ్చారు కదా. అది చూసి నేను మార్పిస్తాను."

"నీకొచ్చేటి పంతులూ?"

"ఇంగ్లీషులో ఉందండి" అన్నాను. అడిగిన దానికి ఇది జవాబు కాదని మాలో ఎవరికీ తట్టలేదు.

షావుకారు గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "అయితే సూడు. ఆదివారం సేటు ముందర మిషను నడిస్తే సోమవారం నీ పర్మినెంటు కాయితం మీద సంతకం పెట్టీస్తాను. నడవలేదా, మీ నాన్నగారికి నేనే కబురంపుతాను, మీ అబ్బాయిని తీసికెళ్లండని."

మర్నాడు పని మొదలుపెట్టాం. ముందుగా ప్లగ్గు పీకాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. తరవాత మిషనును రెండు బల్లల మధ్య ఎత్తి పెట్టించాను. ఎర్రయ్య గోనెసంచి పరుచుకుని దాని కింద వెల్లకిలా పడుకున్నాడు. బ్లేడు తిరగకుండా చెక్కముక్క అడ్డం పెట్టాడు. నేను పైన నిలబడి పుస్తకం తెరిచాను. బోల్టు ఊడదీయాలంటే గడియారం ముల్లుకు ఎదురు తిప్పాలట, బిగించాలంటే ముల్లు తిరిగినట్టే తిప్పాలట. మా ఇంట్లో గడియారం నా చిన్నప్పుడే ఆగిపోయింది. ముల్లు తిరిగినట్టు తిరగడాన్ని మేము ప్రదక్షిణం అంటాం, ఎదురు తిరిగితే అప్రదక్షిణం. అందుకని పుస్తకాన్ని నా భాషలోకి మార్చి హుకుం జారీ చేశాను.

"ఎర్రయ్యా, అప్రదక్షిణంగా తిప్పు."

"ఎవులికి బాబూ?" అని కిందనుంచి గొంతు వచ్చింది.

"ఎవరికేమిటి?"

"అప్రదచ్చినం ఎవులికి? నాకా, మిసనుకా? నాను కింద తొంగున్నాను, మీరు పైన నిలబడ్డారు. మీకు కుడైంది నాకు ఎడమౌతాది గదేటి."

ఇంతకు మించిన తెలివైన ప్రశ్న నేను నా జీవితంలో వినలేదు. ఆ రోజు మాత్రం అది నాకు పామరుడి సందేహంలా వినిపించింది. అర్చకుడి కొడుక్కి ప్రదక్షిణం గురించి అనుమానాలు చెబుతాడా అని కాస్త కోపం కూడా వచ్చింది.

"గుడి చుట్టూ నువ్వు ఎప్పుడూ తిరగలేదా?"

"తిరిగేను బాబూ."

"గుడి కింద పడుకుని తిరిగావా?"

"నేదు బాబూ."

"మరి పైనుంచి చూస్తే ఎలా అప్రదక్షిణమో అలా తిప్పు."

ఎర్రయ్య అలాగే తిప్పాడు. బోల్టు కదల్లేదు. స్పానరుకు ఇనప గొట్టం తొడిగి తిప్పాడు. అప్పుడూ కదల్లేదు. అతని మెడ నరాలు ఉబ్బాయి.

"బాబూ, ఇది ఊడతన్నట్టు నేదు. ఇంకా బిగుత్తన్నట్టున్నాది."

"తుప్పు పట్టింది. ఇంకా గట్టిగా తిప్పు."

ఇంతలో లోపల ఫోను మోగింది. నా టేబులు మీది ఫోను మోగితే నేను ఎక్కడున్నా పరిగెత్తేవాణ్ణి, అదొక హోదా. పది నిమిషాలు మాట్లాడి తిరిగొచ్చేసరికి బోల్టు, పాత బ్లేడు గోనెసంచి మీద పక్కపక్కన పడి ఉన్నాయి.

"ఎలా ఊడింది?"

"ఊడింది బాబూ."

"నేను చెప్పినట్టే తిప్పావా?"

ఎర్రయ్య కాసేపు చేతికంటిన నూనె తుడుచుకున్నాడు. "మీరు సెప్పినట్టు సానాసేపు తిప్పేను బాబూ. తరవాత ఊడింది."

ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు, చూడండి. పెద్దింటి కుర్రవాడి మాట కాదనడం ఎందుకని, నేను లోపలికి పోయాక రెండో వైపుకు తిప్పి తీసేశాడు. నాకు మాత్రం నా శాస్త్రం గెలిచిందన్న ధీమా వచ్చేసింది.

ఎర్రయ్య కొత్త బ్లేడు ఎక్కించాడు. వాషరు వేసి బోల్టు పెట్టి వేళ్లతో ఆఖరిదాకా తిప్పాడు. "సేత్తో తిరిగినంత తిప్పీసేను బాబూ. ఇంక స్పానరెట్టి గట్టిగా ఓ పట్టు పట్టాల. అదే అసలు పని. అది సరిగ్గా పట్టకపోతే తిరిగేటప్పుడు ఊడిపోద్ది."

అసలు పని అన్న మాట వినగానే నాకు ఆశ పుట్టింది. సోమవారం సంతకం పెట్టేముందు షావుకారు గారు 'ఎవులు బిగించేరు' అని అడిగితే 'నేనేనండి' అనాలి కదా. అందుకని అన్నాను, "ఆ పట్టేదో నేను పడతాను. నువ్వు వెళ్లి కొబ్బరికాయ, కర్పూరం పట్రా. కొత్త బ్లేడుకు పూజ చెయ్యొద్దా?"

"బిగించినాక ఎల్తాను బాబూ."

"ఎర్రయ్యా, వెళ్లమన్నానా?"

వెళ్లాడు. నేను మిషను కింద పడుకోవాలి, కానీ గళ్ల చొక్కాకు నూనె అంటుతుంది. కాబట్టి పక్కన నిలబడి, వంగి, చెయ్యి ఒక్కటే కిందికి పోనిచ్చి, తడుముకుంటూ స్పానరు తగిలించాను. పైనుంచి మిషనును చూస్తూ, స్వామిని మనసులో తలుచుకుంటూ ప్రదక్షిణంగా తిప్పాను. బోల్టు హాయిగా తిరిగింది. బిగించేటప్పుడు మర అంత హాయిగా తిరిగితే బుద్ధున్నవాడు అనుమానపడతాడు. నేను నూనె బాగా పట్టిందనుకున్నాను. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. మూడు కాగానే ఆపేశాను. ప్రదక్షిణలు మూడు చేసి దణ్ణం పెట్టుకోవడం మా వంశాచారం. ఇంకో మూడు చేసి ఉంటే బ్లేడు నా చేతిలోకే వచ్చి, ఈ కథ అక్కడితో సరిపోయేది.

ఎర్రయ్య వచ్చేసరికి మిషనును కిందికి దించేసి పసుపు కుంకుమలు కూడా పెట్టేశాను.

"గట్టిగా పట్టేరా బాబూ?"

"మూడు చుట్లు తిప్పాను."

ఎర్రయ్య కళ్లు పెద్దవి చేశాడు. "మూడు సుట్లే? నాను సేత్తో బిగించినాక పావు సుట్టు తిరిగితే గొప్ప."

ఇది మెచ్చుకోలనుకుని సిగ్గుపడ్డాను. "ఓపాలి కిందకి సూత్తాను బాబూ" అని అతను వంగబోతుంటే, పూజ మొదలయ్యాక కదపకూడదని చెప్పి కొబ్బరికాయ కొట్టేశాను. బోల్టు బిగిసింది లేదు, బ్లేడు నిలిచింది లేదు, మెకానిక్కు పేరు సోమలింగం.

ఆదివారం వచ్చింది. లాన్లో రంగురంగుల టెంటు వేశారు. దాని తాడు ఒకటి కొబ్బరిచెట్టు మొదట్లో కట్టారు. బేరం కుదరాలని ఆశీర్వచనం చెప్పడానికి షావుకారు గారు మా నాన్నను పిలిపించారు. మధ్య కుర్చీలో లావుపాటి సేటు, కుడి పక్క షావుకారు గారు, ఎడమ పక్క మా నాన్న, సేటు ఒళ్లో జీడిపప్పు పళ్లెం. ఆ రోజు ఎర్రయ్యను పక్కన నిలబెట్టి మిషను పిడి నేనే పట్టుకున్నాను.

స్విచ్చి వేశాను. మిషను బ్రహ్మాండంగా నడిచింది. గడ్డి తివాచీ పరిచినట్టు వెనకాల పరుచుకుంటూ వచ్చింది. ఒక వరస కాగానే సేటు "బహుత్ అచ్ఛా" అన్నాడు. షావుకారు గారి ముఖం వికసించింది. నా కళ్లకు సోమవారం నాటి సంతకం, దాని కింద తారీకుతో సహా కనిపించింది. లోపల ఏదో లొటలొటమంటోంది గాని నేను లెక్కచెయ్యలేదు.

"ఒరేయ్, ఆ చప్పుడేమిట్రా?" అన్నారు నాన్న.

"కొత్త బ్లేడు కదా నాన్నా. సర్దుకుంటుంది."

నీళ్ల కుళాయి దగ్గరనుంచి ఎర్రయ్య ఆపమన్నట్టు చెయ్యి ఊపాడు. అతనికీ నా పనితనం నచ్చిందనుకుని నేనూ చెయ్యి ఊపాను. రెండో వరస పూర్తిచేసి, సరిగ్గా టెంటు పక్కకు తెచ్చి, అందరూ చూస్తుండగా దర్జాగా స్విచ్చి ఆపాను.

కొంప మునిగింది ఆపినందువల్లే. మోటారు టక్కున ఆగింది, కానీ బ్లేడు ఊపు ఆగలేదు. ఆ ఊపులో బోల్టుకు మిగిలిన మర కూడా విప్పుకుంది. బ్లేడు మిషను పక్కనున్న గడ్డి చిమ్మే మూతిలోంచి బయటికి జారి, నేల మీద గిరగిరా తిరుగుతూ పోయి, టెంటు తాడును పుటుక్కున తెంపి, కొబ్బరిచెట్టు మొదట్లో బొటనవేలు లోతున దిగి నిలబడింది. మంత్రాలకు చింతకాయలు రాలవంటారు గాని నా పూజకు బ్లేడు మాత్రం రాలింది. టెంటు తొందరేమీ పడలేదు. ముందు ఒక గుంజ ఒరిగింది, దాని వెనక రెండోది, ఆ తరవాత గుడ్డంతా మెల్లగా వచ్చి ముగ్గురి మీదా పడుకుంది.

గుడ్డ కింద మూడు బుడిపెలు కదులుతున్నాయి. మధ్య బుడిపెలోంచి "క్యా హువా?" అని వినిపించింది. ఎడమ బుడిపె, "ఎవరూ కర్పూరం వెలిగించకండర్రా" అంది. కుడి బుడిపె ఏమందో ఇక్కడ రాయలేను.

ముందు బయటపడింది ఆ కుడి బుడిపే. షావుకారు గారు చెట్టుకు దిగిన బ్లేడును చూశారు, ఖాళీ మిషనును చూశారు, నేరుగా ఎర్రయ్య మీదికి వెళ్లారు.

"ఏటిది ఎర్రయ్యా? బోల్టు బిగించకుండా ఒగ్గీసేవేటి? మనుషులు పోయేవోళ్లు. రేపట్నుంచి పనిలోకి రావద్దు."

ఎర్రయ్య నా వైపు ఒక్కసారి చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని తల వంచుకున్నాడు. నేను నోరు మూసుకుంటే కాయితం నాది, ఉద్యోగం నాది. కొంతసేపు మూసుకున్నాను కూడా. ఇన్నేళ్లయినా ఆ కొంతసేపు గుర్తొస్తే నాకు నామీద అసహ్యం వేస్తుంది. నడుం పట్టేసిన ఆ మనిషి మళ్లీ సముద్రం మీదికి పోలేడని నాకు తెలుసు.

"బోల్టు బిగించింది నేనండీ. ఎర్రయ్య చేత్తో తిప్పి, స్పానరుతో బిగిస్తానంటే నేనే వద్దన్నాను" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాల్సొచ్చింది.

"నువ్వా? ఎలగ బిగించీవు?"

"ప్రదక్షిణంగానేనండి. మూడుసార్లు."

షావుకారు గారికి ఏమీ అర్థం కాలేదు. ఈలోగా మా నాన్న పంచెకంటిన జీడిపప్పు దులుపుకుంటూ వచ్చారు. ఎర్రయ్య చేత మిషను పక్కకు ఒరిగించి, వంగి దాని కడుపులోకి చూశారు.

"బోల్టు తల ఎటుంటుందిరా?"

"కిందికి నాన్నా."

"నువ్వెక్కడ నిలబడ్డావు?"

"పైన."

"స్వామి ముఖం ఎటుంటే అటునుంచి కదరా మనం దర్శనం చేసుకునేది? నువ్వు వీపు వైపు నిలబడి కుడి ఎడమలు లెక్కపెట్టావు. గోడ గడియారాన్ని గోడ అవతల నుంచి చూస్తే ముల్లు ఎటు తిరుగుతుంది?"

నేను గాల్లో వేలు తిప్పి చూసుకున్నాను. ఎదురు తిరిగింది.

"నువ్వు చేసింది మూడు అప్రదక్షిణాలు. ఎర్రయ్య చేత్తో బిగించిందాన్ని శ్రద్ధగా విప్పావు" అన్నారు నాన్న. తరవాత ఉత్తరీయం నడుముకు బిగించి, చెట్టుకు దిగిన బ్లేడు తెప్పించి, ఎర్రయ్య గడ్డిలో వెతికి తెచ్చిన బోల్టు పెట్టి, దాని ముఖాన కూర్చుని స్పానరుతో తిప్పారు. ఆఖరి పావు చుట్టులో అది కిర్రుమంది. ఎర్రయ్య బ్లేడు పట్టుకుని ఊపి చూసి, "ఇదీ పట్టంటే" అన్నాడు.

షావుకారు గారు నాన్న వైపు భక్తిగా చూశారు. ఎర్రయ్య వైపు తిరిగి, "నువ్వు ఎక్కడికీ ఎల్లకు" అన్నారు. నా వైపు తిరిగినప్పుడు మాత్రం ముఖంలో ఏ భావమూ లేదు. "పంతులుగారూ, మాటంటే మాట. మీ అబ్బాయిని మీరు తీసికెళ్లండి. గుళ్లో పని చూసుకుంటాడు."

నెత్తిన నాలుగింటి చన్నీళ్లు అప్పుడే పడ్డట్టయింది. నేను చెప్పులు వేసుకోబోతున్నాను. అంతలో మా నాన్న, ఏ నాడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, షావుకారు గారి ముందు రెండు చేతులూ జోడించారు.

"బాబూ, మీకు పుణ్యముంటుంది, వీణ్ణి మీ దగ్గరే అట్టేపెట్టుకోండి. ప్రదక్షిణం ఎటో తెలియని వాణ్ణి గర్భగుడిలోకి రానిస్తే, స్వామి లేచి బయటికి వెళ్లిపోతాడు."

సేటుకు ఎవరో ఈ మాట హిందీలో చెప్పారు. ఆయన నవ్వి నవ్వి ఉన్న నాలుగు పప్పులూ ఒలకబోశాడు. సోమవారం నాడు నా కాయితం మీద సంతకం పడింది. సంతకం కింద షావుకారు గారు తన చేత్తో ఇంకో వాక్యం రాశారు: 'మర ఉన్న వస్తువు ఏదీ ఇతడు ముట్టరాదు.'

ఆ కాయితం సాక్షిగా, తూర్పు ముఖంగా నిలబడి, కుడి చేత నీళ్లు పట్టుకుని నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. తల కిందికున్న బోల్టు జోలికి ఈ జన్మలో పోను. తల పైకున్న దాని జోలికీ పోను. ఇంట్లో పచ్చడి సీసా మూత బిగుసుకుంటే మా ఆవిడ చేతికే ఇస్తాను. ఆవిడ ఊళ్లో లేకపోతే ఆ నాలుగు రోజులూ మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటాను.